మొదట చచ్చేది వాచ్‌మనే

మొయినాబాద్ దగ్గర నేను లెక్కలు రాసే ఫాంహౌజులో ఈ రోజు ఒక చిన్న దయ్యం సినిమా షూటింగ్ జరిగింది. మా వాచ్‌మన్ ఎల్లయ్యకే వాచ్‌మన్ వేషం ఇచ్చారు. అతను చేవెళ్లలోని అత్తగారింటికి ఫోన్ చేసి అందరికీ చెప్పుకున్నాడు. తీరా చూస్తే మొదటి సీన్లోనే దయ్యం అతన్ని చంపేస్తుందట.

ఎల్లయ్య నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఏ దయ్యం సిన్మా జూసినా ముందుగాల సచ్చేది వాచ్‌మనే. కారుల వచ్చిన పిల్లలేమో ఆఖరుదాక బతుకుతరు. మా అత్తగారోళ్లు టాకీసుల కూసునేలోపే నేను పోతే ఎట్ల?"

"ఎవరో ఒకరు చావాలి కదా ఎల్లయ్యా!"

"మన సిన్మాల గూడ అసొంటి పిల్లలు నలుగురున్నరు గద సార్, జర వాళ్లల్ల ఎవలనన్న జూడుండ్రి."

డైరెక్టర్ కాసేపు తల గోక్కున్నాడు. చివరికి, చచ్చిన వాచ్‌మన్ కూడా దయ్యమై సినిమా అయ్యేదాకా కనిపిస్తాడని కథ మార్చాడు. ఎల్లయ్య ముఖం వెలిగిపోయింది. సాయంత్రం దయ్యం మేకప్‌తో వచ్చి, ఎక్కడ నిలబడాలని అడిగాడు. డైరెక్టర్ గేటు చూపించాడు.

"సచ్చినంక గూడ గేటు కాడనేనా సార్?"

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. వాచ్‌మన్ ఆఖరిదాకా బతికే దయ్యం సినిమా మీరెవరైనా చూశారా? పేరు చెప్పండి, ఎల్లయ్యకు చూపించాలి.