భోషాణం జరిపిన ఇల్లు

మొన్న మా తమ్ముడు ఫోన్లో ఒక ఫొటో పంపాడు. ఖమ్మంలో ఖిల్లా కింద ఉన్న మా ఇంటి వీధి తలుపు పక్కన, ఎర్ర రంగుతో ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని రాసిన రేకు వేలాడుతోంది. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అలాంటి రేకు ఎవరింటికి కనిపించినా గుండె కలుక్కుమంటుంది, అదే మన ఇంటికైతే అన్నం ముద్ద దిగదు.

మా తాతది చింతపండు వ్యాపారం. ఎండాకాలంలో చండ్రుగొండ అడవి వైపు నుంచి బండ్ల మీద చింతపండు దిగేది, ఆడవాళ్లంతా హాలు నిండా కూర్చుని గింజలు తీస్తుంటే మా బట్టలకూ జడలకూ ఆ పుల్లటి వాసన పట్టేసేది, బళ్లో పిల్లలు నన్ను చింతకాయా అని పిలిస్తే నేనూ ఊరుకునేదాన్ని కాదు, వాళ్ల పలకలు పగలగొట్టి వచ్చేదాన్ని. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు, చెప్పాల్సింది మా అక్క గురించి.

చిన్నప్పుడే అమ్మవారు పోసి అక్కకు రెండు కళ్లూ పోయాయి. నానమ్మ ఏడవాల్సినంతా ఏడ్చి, ఆ తర్వాత ఇంటికి ఒక కట్టడి పెట్టింది. ఏ వస్తువూ ఉన్న చోటు నుంచి కదలకూడదు. హాల్లో పెద్ద భోషాణం, దాని వెనక ఉయ్యాలబల్ల, చింతపండు గది పక్కన నీళ్ల గోళెం, అన్నీ ఎక్కడివక్కడే. ఎవరు పీట జరిపినా, “గా పీట గాడనే ఉండాలె, నా బిడ్డ తడుముకోవద్దు” అని కేకలేసేది. కొత్త కోడళ్లకు మా ఇంట్లో ముందు నేర్పింది వంట కాదు, ఏది ఎక్కడుండాలో. సున్నాలు వేసిన రోజున కూడా సాయంత్రానికల్లా సామాను మళ్లీ తన చోటికి చేరాల్సిందే. అక్క భోషాణం మూలను ఎడమచేత్తో తాకి, చింతపండు వాసన వచ్చే వైపు తిరిగి, చకచకా వెళ్లి నీళ్లు ముంచుకొచ్చేది. ఆ నీళ్లు తాగిన చుట్టాల్లో చాలామందికి ఆమెకు చూపు లేదని ఎవరో చెబితేగాని తెలిసేది కాదు.

నానమ్మ పోయినా ఆ కట్టడి పోలేదు. ఇంటి దూలాలు చెదలు తినేశాయి, బాగు చేయించే స్తోమత మాకు లేదు, అయినా అమ్మకం మాట ఎత్తితే అక్క, “నేను పోయినంక అమ్ముకోండ్రి” అనేది. తమ్ముడు ఎదురు చెప్పేవాడు కాదు. పోయినేడు మోకాళ్లు చూపిద్దామని అక్కను నేను హైదరాబాద్ తెచ్చుకున్నప్పుడు, కొనేవాళ్లకు ఇల్లు చూపించి ఉంచితే తప్పేముందని వాడు బ్రోకరును పిలిచాడు. హాలు ఖాళీగా ఉంటే విశాలంగా కనిపిస్తుందని అతను చెప్పగానే సామానంతా పెరట్లో రేకుల షెడ్డుకు చేర్చాడు. వాడిది మోసం కాదు. చిన్నప్పటి నుంచి పాటించిన కట్టడి ఎందుకు పెట్టారో మరిచిపోయాడు, అంతే.

తిరిగి వెళ్లిన రోజున అక్క గడప దగ్గర ఎప్పటిలాగే నా చేయి విడిపించుకుని లోపలికి నడిచింది. ఎడమచెయ్యి చాచింది. భోషాణం తగల్లేదు. ఇంకో అడుగు వేసి, ఆ హాలు నడుమ నిలబడిపోయి, చిన్నపిల్ల గొంతుతో, “చెల్లె, ఇది ఎవరిల్లే?” అని అడిగింది.  తమ్ముడు గోడకు ఆనుకుని బావురుమన్నాడు.

ఆ పూటే అన్నీ తెచ్చి గుర్తున్నచోట పెట్టాం. కానీ అన్నీ చూస్తూ తిరిగిన మాకు ఏది ఎక్కడుండేదో సరిగ్గా తెలియలేదు. ఉయ్యాలబల్లకు అక్క మోకాలు కొట్టుకుంది, గోళెం అంచు నుదుటికి తగిలింది. కొన్నాళ్లు అలా చూసి, “అమ్మేయ్‌ రా తమ్ముడూ, నా ఇల్లు ఎప్పుడో పోయింది” అని తనే అంది.

ఇప్పుడు అక్క నా ఫ్లాటులో, కిటికీ పక్క కుర్చీలో ఉంటుంది. ఇక్కడ పనిమనిషి రోజుకో చోట కుర్చీలు సర్దుతుంది, పిల్లలు సంచులు ఎక్కడపడితే అక్కడ పడేస్తారు, వాళ్లననీ లాభం లేదు, వాళ్ల కాలంలో ఏదీ ఒక చోట ఉండదు. గ్లాసెడు నీళ్లకు కూడా అక్క నన్ను పిలిచి ఎదురుచూస్తుంది. మా అక్క గుడ్డిదని ఈ వయసులో, ఇప్పుడు తెలిసింది నాకు.