సూదక్క సొంత పరీక్ష

ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ సూదక్క అనేవారు. ఎంత మొండి పిల్లాడైనా ఏడుపు లంకించుకునేలోపే రక్తం తీసి దూది అద్దేసేది. అలాంటి మనిషి నిండు కడుపుతో తన చేతిని తానే పొడుచుకుంటోంది.

మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. ఒళ్లు వెచ్చబడితే అలసటేలే అని మాత్ర మింగి పనిలో కూర్చుంది. తీరా చూస్తే కడుపులో బిడ్డను అంటిపెట్టుకున్న మాయకు ఇన్‌ఫెక్షన్. దాన్ని తరమడానికి ఒంట్లో రేగిన మంటకే, అదే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారే దానికే, నెలలు నిండకుండా నొప్పులొచ్చేశాయి. అందరి రక్తం చూసే తను సొంత రక్తం చూసుకోలేదు. ఆ బాధ ఆమెను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

అందుకే ఈసారి పొద్దున్నే, ఎవరూ రాకముందే, తన రక్తం తీసి ల్యాబు మిషన్లో పెట్టి, ఒంట్లో మంట ఎంతుందో చెప్పే అంకె చూసుకునేది. అంకె పెరిగిన రోజు మళ్లీ మళ్లీ పొడుచుకునేది.

"చెయ్యంతా జల్లెడ చేసుకున్నావు కదే! బిడ్డ నీ కడుపులో ఉందా, మిషన్లో ఉందా?" అని అత్త మొత్తుకునేది.

"మీకు తెలీదత్తయ్యా."

"అవున్లే, ముగ్గుర్ని తెలీకుండానే కన్నాను!"

ఆ రోజు అంకె అమాంతం ఎగబాకింది. మళ్లీ చేసింది. అదే అంకె. నడుము పీకుతున్నా పట్టించుకోకుండా, పడుతూ లేస్తూ డాక్టరమ్మ గదికి పరిగెత్తింది.

"మళ్లీ అదేనమ్మా! ఏదో ఒక ఇంజెక్షన్ వేసి ఈ మంట ఆపండి. ఈ బిడ్డా పోతే నేను బతకను."

డాక్టరమ్మ జ్వరం చూసింది, లేదు. బిడ్డ గుండె విన్నది, బాగానే కొట్టుకుంటోంది. పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

"నడుం నొప్పి వచ్చి పోతోందా?"

"పొద్దుట్నించీ. అది కాదమ్మా, ఆ అంకె..."

"అంకె అవతల పెట్టు. కడుపు నిలబడేటప్పుడు కాస్త మంట కావాలి. మధ్యలో చల్లారాలి. కాన్పుకు మళ్లీ రాజుకోవాలి. పోయినసారి వేళ కాని వేళ రాజుకుంది. ఇప్పుడు నెలలు నిండాయి. ఇవి కాన్పు నొప్పులే, పిచ్చిదానా!"

సూదక్క అప్పుడుగానీ నడుము పట్టుకుని మంచమెక్కలేదు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. నర్సు పాపను గుండెల మీద వేయగానే సూదక్క ఉలిక్కిపడింది.

"ఒళ్లు వెచ్చగా ఉంది! ఎవరైనా రక్తం తీయండి!"

అత్త పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

"బతికున్న బిడ్డ వెచ్చగానే ఉంటుందమ్మా."

మొదటి బిడ్డ తన చేతుల్లో ఎంత చల్లగా ఉందో సూదక్క మరిచిపోలేదు. పాపను హత్తుకుని, ఆ బిడ్డ కోసం కూడా కలిపి ఏడ్చింది.