కొండగాలికి విసిరిన ఈక

మా కోడలు నాటుకోడిని కట్టెల మంట మీద కాల్చిన రోజున పెరడంతా ఈకలు కాలిన కంపు లేస్తుంది. అందరూ ముక్కు మూసుకుని లోపలికి పోతారు. నేను మాత్రం వెళ్ళి, పీకి పారేసినవాటిలోంచి మెడ దగ్గరి తెల్లటి ఈకలు ఏరి, దులిపి, చూరులో దోపుకుంటాను. ఎందుకని అడిగితే, పారెయ్యడం ఎందుకని అడుగుతాను. నిజానికి వాటితో నాకు పనేమీ లేదు. కోడి ఈకతో పని ఉన్న మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను, మా మేనత్త మొగుణ్ణి, మావని. ఆయన ఈకలతో సముద్రపు చేపల్ని పట్టేవాడు.

మాది అరకు దాటి ఇంకా పైకి వెళ్ళాల్సిన కొండ ఊరు. కార్తీకం వెళ్ళగానే మంచు దిగేది. పొద్దెక్కినా పక్కింటి పొయ్యి పొగేదో, మంచేదో తెలిసేది కాదు. నెగడు చుట్టూ కూచుని వేడివేడి చోడంబలి, అదే రాగి జావ, ఊదుకుంటూ తాగడం, మంచుకి తడిసిన వలిసె చేల మధ్య పరిగెత్తి ఒంటినిండా పసుపు పుప్పొడి పూసుకోవడం, పిల్లలకి అవే పండగలు. పెద్దలకి మాత్రం అది దగ్గుల కాలం. మా అమ్మ అలాంటి చలికాలంలోనే దగ్గి దగ్గి పోయింది. మరుసటేడు నాకూ దగ్గు, ఆయాసం మొదలయ్యేసరికి మా అయ్య బెదిరిపోయి, నన్ను దుప్పట్లో చుట్టి, జీపులో కొండ దింపి, బస్సెక్కించి, భీమిలి అవతల ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న మా అత్త ఇంటికి తీసుకుపోయాడు. అత్త మా అయ్యకి చెల్లెలు. ఉప్పు మడుల్లో కూలికని కొండ దిగి, అక్కడే చేపలు పట్టే మనిషిని చేసుకుని ఉండిపోయింది. పిల్లల్లేరు.

"వలిసె పూలు రాలిపోనీ, వచ్చి తీసుకెల్తాను" అన్నాడు అయ్య. అన్నట్టే వచ్చాడు. అప్పట్నుంచి ఏటా చలికాలం నన్ను అక్కడ దింపడం, పూలు రాలాక వచ్చి తీసుకుపోవడం అలవాటైపోయింది. ఈ దింపడాల మధ్య బడి కూడా అటూ ఇటూ కాకుండా పోయింది. ఇక్కడ అక్షరాలు నేర్చుకుంటే అక్కడ మరిచిపోయేదాన్ని.

అక్కడ చలికాలమంటే దుప్పటి కూడా అక్కర్లేని కాలం. ఇసుక వెచ్చగా ఉండేది. అత్త చింతపండు పులుసులో చేప తలకాయలు వేసి, అల్లం దంచి పోసి, గిన్నె ఊడ్చి తాగేదాకా కదలనిచ్చేది కాదు. ఒంటికి సుఖమే. మనసుకే తోచేది కాదు. పీతల వెంట పరిగెత్తే పిల్లలు నన్ను చూడగానే "కొండగుంట వచ్చిందిరో, సముద్రాన్ని సూసి గెడ్డ అంటాదిరో" అని ఎక్కిరించేవాళ్ళు. గుంటంటే పిల్ల, గెడ్డంటే మా కొండవాగు. వాళ్ళ ఆటలోకి ఎప్పుడూ పిలవలేదు. నేనూ అడగలేదు. పడవలన్నీ తెల్లారకముందే సముద్రం మీదికి పోతే, ఒడ్డున మిగిలేవాళ్ళం మావా నేనూ. మావకి ఒక మోకాలు వంగదు, అందుకని పడవెక్కనిచ్చేవారు కాదు. ఆయన ఏరు సముద్రంలో పడే మొగ దగ్గర ఇసుక తిన్నె మీద నిలబడి, పొడుగాటి వెదురు గడకి నైలాను దారం కట్టి, గేలానికి తెల్ల ఈక చుట్టి నీళ్ళమీదికి వదిలేవాడు. పడవల వాళ్ళు వెళ్తూ వెళ్తూ "ఏటి మావా, కోడిని పెంచుతన్నావా, సేపని పడతన్నావా?" అని అరిచేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు, కోపగించుకునేవాడూ కాదు.

ఆయన పనికి కుదిరేది ఆ కాలం ఒక్కటే. వానల్లో ఏరు తెచ్చిన బురద అప్పటికి సముద్రంలోకి పోయి, మొగ దగ్గర నీళ్ళు తేటపడి అడుగు ఇసుక కనిపిస్తుంది. తెల్లవారుజామున కొండల వైపునుంచి గాలి దిగి, సముద్రాన్ని చేత్తో నిమిరినట్టు చదును చేస్తుంది. దాన్ని వాళ్ళు కొండగాలి అంటారు. ఆ వేళకి పోటు కూడా కలిసొస్తే చిన్న చేపలు గుంపుగా మొగలోకి ఎక్కుతాయి, వాటిని తినడానికి వెనకే పెద్ద పండుగప్ప చేపలు వస్తాయి. ఈకకి బరువుండదు కాబట్టి గాలిని వీపున పెట్టుకునే విసరాలి. అప్పుడది బెదిరిన చిన్న చేపలా నీటిమీద కొట్టుకుంటుంది. పొద్దు తాటిచెట్టంత ఎక్కి సముద్రపు గాలి తిరిగిందా, ఇక మానుకోవాల్సిందే. దక్షిణపు గాలికి మబ్బేసినా అంతే. మావ నన్ను ముందు నిలబెట్టి "గాలేటంతందే గుంటా?" అని అడిగేవాడు. నేను సముద్రానికి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని, మొహానికి తగిలే గాలిని పీల్చి, కొండగాలో సముద్రపు గాలో చెప్పేదాన్ని. ఆ గాలి మా ఊరి మీంచి వచ్చిందని నా నమ్మకం. అందులో పొయ్యి పొగ వాసన, వలిసె పూల వాసన వెతుక్కునేదాన్ని. ఉప్పు వాసన తప్ప ఏమీ దొరికేది కాదు. అయినా పొద్దున్నే వెళ్ళి నిలబడేదాన్ని.

ఒక ఏడాది వలిసె పూలు రాలాక అయ్య వచ్చేసరికి అత్త అడ్డం పడింది. "ఈ గుంటని ఇంక పంపను అన్నియ్యా. వదిన్ని మింగిన సలికి దీన్నీ ఇత్తావా?" అంది. అయ్య ఏమీ తేల్చలేదు. నేను అప్పటికే బట్టల మూట కట్టేసుకుని, తలకింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే మావ అయ్యని కూడా మొగ దగ్గరికి రమ్మన్నాడు. గడ అందుకోగానే అయ్యకి మా ఊరి గెడ్డ గుర్తొచ్చినట్టుంది. గెడ్డలో ఎప్పుడూ నీటికి ఎదురు విసరాలి, ఎర కొట్టుకుని కిందికి వస్తుంది. మా కొండ మనిషికి అదొక్కటే పద్ధతి తెలుసు. మావ ఆగమంటున్నా వినకుండా సముద్రానికి వీపు పెట్టి, ఏరొచ్చే వైపుకి తిరిగి, కొండగాలికి ఎదురుగా బలంగా విసిరాడు. ఈక నీళ్ళమీద పడితే కదా! గాలిలో గిర్రున తిరిగొచ్చి అయ్య తలపాగాకే గుచ్చుకుంది. పీకబోతే పాగా మొత్తం ఊడి, దారం మెడకి చుట్టుకుంది.

"ఓరి బావా! సేపని పట్టరా అంటే నిన్ను నువ్వే పట్టుకున్నావేటి!" అన్నాడు మావ.

ఆ మనిషి నవ్వడం అప్పుడే చూశాను. అయ్య కూడా, అమ్మ పోయాక మొదటిసారి, పళ్ళు కనిపించేలా నవ్వాడు. నేనైతే ఇసుకలో కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. తల ఎత్తేసరికి అయ్య నవ్వు ఆపేసి నన్నే చూస్తున్నాడు.

"ఇంతలా నవ్వావు గదే. దగ్గు రానేదేటే?"

"రానేదయ్యా!" అన్నాను. గట్టిగా గాలి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చి చూపించాను. జబ్బు పోయింది కాబట్టి ఇక ఇంటికే అనుకున్నాను నేను. ఇక్కడుంటేనే పోతోంది అనుకున్నాడు ఆయన.

మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, అత్తతో ఒక్క మాటే అన్నాడు. "ఉంచు."

మూట పట్టుకుని రోడ్డుదాకా పరిగెత్తాను. "నానూ వత్తానయ్యా. దగ్గొచ్చినా దగ్గను" అన్నాను. ఆయన మూట నా చేతిలోంచి తీసుకుని, ముడి సరిగా బిగించి, మళ్ళీ నాకే ఇచ్చి బస్సెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోతాడని ఆయనకి తెలుసని, నా పిల్లలు పుట్టాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత చాలా పొద్దులు మావ గాలి సంగతి అడిగాడు. తలుపు దగ్గరే కూచునేదాన్ని, మొగ వైపు వెళ్ళేదాన్ని కాదు. అయ్య ఏటా చోళ్ళూ పసుపూ మోసుకుని వచ్చి, ఒక పూట ఉండి వెళ్ళిపోయేవాడు. చివరికి అత్త నాకు కొండమీది సంబంధమే చూసింది. నేను తిరిగి కొండెక్కేసరికి అయ్య పోయి అప్పటికే ఒక వానాకాలం గడిచింది. మా ఇల్లు వేరేవాళ్ళదైపోయి, తలుపుకి వాళ్ళ తాళం ఉంది.

ఇప్పుడు అత్తా మావా లేరు. ఏటి మొగకి అటూ ఇటూ రాళ్ళ గట్టు కట్టారట, ఇసుక తిన్నె లేదట, ఈకతో చేపలు పట్టేవారంటే అక్కడి పిల్లలే నమ్మరట. ఇక్కడ వలిసె చేలల్లో పట్నం జనం ఫోటోలు దిగుతారు, చేలని తొక్కితే నేను కర్ర పట్టుకుని అరుస్తాను. ఈ చలికి నాకు మళ్ళీ దగ్గు పట్టుకుంది. కోడలు మందిస్తుంది, సీసా అడుగుదాకా తాగుతాను. పొద్దున్నే మంచులో చేను గట్టున కూచుని, ఎవరి దగ్గరా దాచకుండా, దగ్గొచ్చినంతసేపూ దగ్గుతాను. ఈ దగ్గుకి భయపడి నన్ను వెచ్చటి చోట దింపి వెళ్ళిపోయే మనిషి ఎవరూ మిగల్లేదు.