అద్దె కారులో అన్న దగ్గరికి

బహ్రెయిన్‌లో నాకు చాలా కార్లు ఉండేవి. తెల్లది, నల్లది, ఒక ఎర్రది కూడా. అన్నీ శుక్రవారం పూటే ఉండేవి. మనామాలో పాత సూక్ బజారు బయట ఎవరెవరో ఆపుకున్న బండ్లవి. డ్యూటీ లేని రోజు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచి బండి ఒకటి చూసుకుని, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడేవాణ్ని. రెండో చేతి వేలికి తాళంచెవి వేలాడాలి. అది క్యాంపులో నా ఇనుప పెట్టెది. ఫోటోలో ఎవరికి తెలుస్తుంది? గదిలో నా పక్క మంచం మనిషి ఫోటో తీసేవాడు. తర్వాత ఆయన నిలబడేవాడు, నేను తీసేవాణ్ని. ఒకసారి చెయ్యి ఆనించగానే బండి కుయ్యోమని అరిచింది. ఇద్దరం చేపల దుకాణాల దాకా ఆగకుండా ఉరికాం. ఆ ఫోటో కదిలిపోయి వచ్చింది. దాన్ని కూడా వదల్లేదు, అన్నకు పంపాను. కారు నడుస్తుండగా తీసిందని చెప్పాను.

నా అసలు పని సెంట్రింగ్. స్లాబుకు చెక్కలు కొట్టడం, స్లాబు ఆరాక అవే చెక్కలు పీకడం. అన్నకు మాత్రం ఫోర్‌మన్ అయ్యానని, కంపెనీ కారు ఇచ్చిందని చెప్పాను. ఒకసారి నవ్వులాటకు చెప్పింది, రెండోసారికి నిజంలా వచ్చింది, మూడోసారికి నాకే కారు మీద ప్రేమ పుట్టింది.

అన్న దమ్మామ్‌లో ఉండేవాడు. సౌదీలో పైపులైన్ల పని. ఊళ్లోవాళ్ల మాటలో ఇద్దరం దుబాయిలోనే ఉన్నాం. ఒక్క చోటే ఉండి అన్నదమ్ములు కలుసుకోరేమని అడిగేవాళ్లు. వాళ్లకు సముద్రం గురించి, దాని మీది వంతెన గురించి, ఆ వంతెన నడుమ కూర్చుని పాస్‌పోర్టులు చూసే రెండు దేశాల గురించి ఎవరు చెప్పాలి? పదకొండేళ్లు మేం ఒకరినొకరం చూసుకోలేదు. ఆయన సెలవు మీద ఇంటికి వెళ్తే నేను ఇక్కడ, నేను వెళ్తే ఆయన అక్కడ. నాన్న పోయినప్పుడు ఆయనకు సెలవు దొరికింది. అమ్మ పోయినప్పుడు నాకు. పాడె మోయడం కూడా వంతుల వారీగా పంచుకున్న అన్నదమ్ములం.

తర్వాత అన్న రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఇక పని చేయలేడని కంపెనీవాళ్లు ఇంటికి పంపించేస్తున్నారు. మళ్లీ రాకుండా, పూర్తిగా. శుక్రవారం మధ్యాహ్నం విమానం. నా సెలవుకు ఇంకా ఏడాది పైనే ఉంది. అంతవరకు ఆయన ఉంటాడో ఉండడో ఇద్దరం పైకి అనలేదు. అన్న మామూలుగానే మాట్లాడాడు.

"ఒక్కసారి అచ్చి కనవడిపో తమ్మీ. కారున్నోనివి, నీకేం దూరం?"

వస్తానన్నాను. ఇదివరకైతే మాలాంటి కూలీలకు సౌదీ వీసా ఎవరిచ్చేవారు? ఇప్పుడు బహ్రెయిన్‌లో ఉండే కార్డు చూపిస్తే ఫోన్‌లోనే వస్తోంది. కంపెనీ ఆఫీసులో పాస్‌పోర్టు అడిగి తీసుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. వీసా వచ్చింది. దమ్మామ్‌కు మనామా నుంచి బస్సుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ అన్న అప్పటికే వాళ్ల క్యాంపు మొత్తానికి చెప్పేశాడు, తమ్ముడు కారులో వస్తున్నాడని. గురువారం ఫోన్ చేసి, "ఏ రంగు కారు తెస్తున్నవ్‌రా? గుర్తువట్టద్దా?" అని అడిగాడు. తెల్లది అన్నాను.

ఆ తెల్ల కారు కోసం భాయ్‌ని పట్టుకున్నాను. భాయ్ హైదరాబాద్ మనిషి. జింజ్‌లో ఉంటూ ఒక ఇంటికి డ్రైవర్‌గా చేసేవాడు. వాళ్ల యజమాని మా సైట్‌కు వచ్చినప్పుడల్లా బండి నీడలో ఆపుకుని నాతో ముచ్చట పెట్టేవాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, లైసెన్సు పరీక్ష జోలికి పోలేదు. ఆయనకు లైసెన్సు ఉంది, సౌదీ వీసా ఉంది, శుక్రవారం సెలవుంది. అన్న సంగతి చెబితే ఒక్క మాట కూడా అడగకుండా ఒప్పుకున్నాడు. "నేను నీ డ్రైవర్నని చెప్పుకో పో, నాకేం పోయింది," అని నవ్వాడు. అప్పటి నుంచే నన్ను షేఠ్ అని పిలవడం మొదలుపెట్టాడు.

సనాబిస్‌లో ఒక అద్దె కార్ల ఆఫీసులో భాయ్ పేరు మీద కారు తీసుకున్నాం. అక్కడి గుమాస్తా ఒక కాగితం రాసి, ముద్ర కొట్టి, పసుపు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. మా కారును ఫలానా మనిషి సౌదీకి తీసుకుపోవచ్చు అని అందులో ఉందట. ఇది బండిలోనే ఉండాలని హిందీలో రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నేను కారు చక్రాలు చూస్తున్నాను.

సాయంత్రం కారును మా క్యాంపు దగ్గరే ఉంచమని అడిగాను. భాయ్ తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కాడు. నేను వేడినీళ్లు, బ్లేడు తెచ్చుకుని వెనక అద్దం మీద ఉన్న ఆఫీసు స్టిక్కర్ మెల్లగా గీకేశాను. అదొక పని అయింది. ఇక పసుపు కవరు. దాన్ని భాయ్ కారుకు తాళం వేయకముందే తీసి నా దగ్గర పెట్టుకున్నాను. దాని మీద ఆఫీసు పేరు, కారు బొమ్మ, జానెడు అక్షరాల్లో ఫోన్ నంబరు. బడి మానేసినవాడు కాగితాన్ని చదవడు, చూస్తాడు. నేను దాన్ని అన్న కళ్లతో చూశాను. అద్దె కారు అద్దె కారు అని అరుస్తున్నట్టే ఉంది. భాయ్ పక్కన ముందు సీట్లో అన్న కూర్చుంటాడు, ముందున్న డబ్బా తెరుస్తాడు, కవరు చేతికి వస్తుంది. బండి కార్డు ఉంది కదా, అది చాలదా అనుకున్నాను. కవరును నా పరుపు కింద పెట్టేశాను.

పొద్దున ఏడింటికి భాయ్ వచ్చాడు. అన్న కోసం కట్టిన అట్టపెట్టె వెనక సీట్లో పెట్టాను. కంబళి, నొప్పుల మందు, పిల్లలకు చాక్లెట్లు. నాలుగు వైపులా మార్కర్‌తో అన్న పేరు, ఊరు రాశాను. కాగితాలన్నీ ఉన్నాయా అని భాయ్ అడిగాడు. ఉన్నాయన్నాను. నేను అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదు. అలవాటు అలాంటిది.

వంతెన ఎక్కాక రెండు పక్కలా సముద్రం. కారులో నిజంగా కూర్చుని వెళ్లడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. బయట నిలబడి ఫోటో దిగడం కన్నా తక్కువగానే ఉంది. వంతెన నడుమ ఉన్న దీవిలో వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. బూత్‌లోని అధికారి పాస్‌పోర్టులు చూశాడు, బండి కార్డు చూశాడు, కారు ఇచ్చినవాళ్ల కాగితం అడిగాడు.

"షేఠ్, పసుపు కవర్ ఇయ్యి," అని భాయ్ చెయ్యి చాపాడు.

నేను ముందున్న డబ్బా తెరిచాను. సీటు కింద చూశాను. తలుపు సందులో చూశాను. వెనక తిరిగి అట్టపెట్టె కింద కూడా చూశాను. పది మందిని నవ్వించే మనిషిని, అంత చెత్తగా ఎప్పుడూ నటించలేదు. భాయ్ కాసేపు నా మొహం చూసి, "ఆపు భాయ్. లేనిదాన్ని ఎంతసేపు వెతుకుతవ్?" అన్నాడు. షేఠ్ అనడం అక్కడే పోయింది.

పరుపు కింద ఉందని చెప్పాను. ఎందుకుందో కూడా చెప్పాల్సి వచ్చింది. పక్క మంచం మనిషికి ఫోన్ చేస్తే నిద్రలేచి ఫోటో తీసి పంపాడు. అధికారి ఫోన్‌లో చూశాడు. "అసల్," అన్నాడు. అసలు కాగితం కావాలి. కోపంగా ఏమీ అనలేదు. పక్కకు తీసి వెనక్కి తిప్పుకోమని చేత్తో చూపించాడు.

పక్కకు తీసిన చోట ఒక చిన్న బస్సు ఆగి ఉంది. దాని డ్రైవర్ భాయ్‌కి తెలిసినవాడు. కూలీలను దమ్మామ్ తీసుకుపోతున్నాడు. భాయ్ వెళ్లి మాట్లాడి పరుగున వచ్చాడు.

"ఒక సీటున్నది. ఆ సామాన్ తీస్కొని ఎక్కు. పదకొండు గొట్టక ముందే మీ అన్న కాడ ఉంటవ్. నేను కార్ వాపస్ తీస్కపోత."

నేను బస్సు వైపు చూశాను. కిటికీల్లో అందరూ నాలాంటి మొహాలే. ఒకాయన ఒళ్లో నా అట్టపెట్టె లాంటిదే ఉంది, దాని మీద కూడా మార్కర్ రాతలు. ఆ బస్సు దమ్మామ్‌లో ఆగడం, అందులోంచి పెట్టె నెత్తిన పెట్టుకుని నేను దిగడం, అన్న, ఆయన చుట్టూ వాళ్ల క్యాంపు మనుషులు నన్ను చూడడం, అంతా కళ్ల ముందు కనబడింది.

"టైం ఉన్నది భాయ్. పోయి కాగితం తెచ్చుకుందాం," అన్నాను.

"పదకొండేండ్లాయె చూడక అన్నవ్ గద."

"కారుల అస్తున్న అని చెప్పిన భాయ్."

భాయ్ బస్సు డ్రైవర్‌కు చెయ్యి ఊపి పంపించేశాడు. అది బూత్ దాటి అవతలికి పోయేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

క్యాంపుకు వెళ్లి కవరు తీసుకుని మళ్లీ వంతెన ఎక్కేసరికి సెలవు రోజు జనం రోడ్డు మీదికి వచ్చేశారు. వరస కదలడం లేదు. జుమ్మా నమాజు వేళ అయింది. భాయ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందు బండిని చూస్తూ కూర్చున్నాడు. నా మూలంగా ఆ రోజు ఆయనకు నమాజు తప్పింది. ఆ మాట ఆయన తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. మధ్యలో అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. దగ్గరికి వచ్చేశాం, ట్రాఫిక్ అన్నాను. మూడోసారి చేసినప్పుడు వెనక ఎవరో యల్లా యల్లా అని తొందరపెడుతున్నారు.

"కంపెనీ బస్సు అచ్చింది తమ్మీ. ఎక్కుతున్న. నువ్వు పరేషాన్ గాకు. కారు పైలంగ తీస్కపో."

ఇంకో గంటకు మా వంతు వచ్చింది. బూత్‌లో పొద్దుటి అధికారి లేడు, వేరే ఆయన. పసుపు కవరు ఇచ్చాం. కాగితం తీసి చూసి, ముద్ర వేసి, యల్లా అన్నాడు. అంతే. అప్పటికి ఎవరికీ ఆ దారి అవసరం లేదు. వరస నడుమ నుంచి వెనక్కి తిరిగే చోటు లేదు, ముద్ర పడ్డాక ముందుకే పోవాలి. సౌదీలోకి వెళ్లాం. మొదటి మలుపు దగ్గర భాయ్ కారు తిప్పాడు. తిప్పే ముందు ఒక్క క్షణం ఆపి, నా వైపు చూడకుండా అన్నాడు.

"దిగుతవా? ఫోటో తీస్త."

నేను పసుపు కవరును ముందున్న డబ్బాలో పెట్టి మూశాను. పదకొండేళ్లు అన్న ఉన్న దేశంలో నేను చూసింది ఆ ఒక్క మలుపే.

అన్న ఇంటికి చేరాడు. జగిత్యాలలో వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకునేవాడు. మిషను పక్కన పడుకుని నాకు ఫోన్ చేసేవాడు. పొద్దు పోవాలి కదా. ఒకసారి మాటల్లో, మొన్న కంపెనీవాళ్లు కారు మార్చారు, కొత్తది ఇచ్చారు అని మొదలుపెట్టాను. అన్న నవ్వాడు. దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగి చెప్పాడు.

"నీ ఫోటోలల్ల ఒక్క నంబరన్న రెండోసారి కనవడ్డదారా? ఎన్ని కార్లిచ్చిండు మీ కంపెనీ కఫీల్?"

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటి నుంచీ అన్నాడు. ఆ తాళంచెవి కూడా పెట్టెదని తెలుసట, తన దగ్గరా అలాంటిదే ఉండేదట. మరి కారు ఏ రంగు అని ఎందుకడిగావన్నాను.

"నువ్వేం జెప్తవో ఇందామని. నువ్వు సంబురంగ జెప్తుంటివి, నేను ఇంటుంటి. గట్ల పొద్దు పోయేది." అక్కడ ఎవరితోనో మిషను సంగతి ఏదో మాట్లాడి మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. "నువ్వు బస్సుల అస్తవనుకున్న. ఆనాడు క్యాంపు గేటు కాడ నిలవడలే నేను. బస్సులాగే కాడ నిలవడ్డ. ఒక చిన్న బస్సు అచ్చింది. దిగినోళ్లందర్నీ చూసిన."

వంతెన మీద దొరికిన ఆ సీటు గురించి అన్నకు చెప్పలేదు. అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాతి ఫోన్లలో చెప్పలేదు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నాకు సెలవు దొరికి ఇంటికి వెళ్లేసరికి అన్న మాసికాలు కూడా నడుస్తున్నాయి.

ఊళ్లో దిగిన మరునాడు చాయ్ హోటల్ ముందు కూర్చుంటే, హోటలాయన గ్లాసు చేతికిస్తూ కారు బాగుందా అని అడిగాడు. ఏ కారు అన్నాను. మీ అన్న అందరికీ చెప్పాడు కదా, నువ్వే దమ్మామ్ దాకా వచ్చి, కారులో ఎక్కించుకుని విమానాశ్రయంలో దింపావట కదా అన్నాడు. కారులో చల్లటి గాలి ఎక్కువై అన్నకు వణుకు వస్తే, నేను కంబళి కప్పానట. తెల్ల కారట. పక్కన కూర్చున్నవాళ్లు కూడా తలలూపారు. అందరికీ తెలిసిన సంగతే.

కాదని చెబితే చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరును చేయాలి.

"బాగనే ఉన్నది," అన్నాను.

సాయంత్రం వదినె కూడా అడిగింది. పోయే ముందు ఆయన నీతో కారులో కడుపునిండా మాట్లాడానని చెప్పాడు, ఏం మాట్లాడుకున్నారు అని. ఆ మాటలు కూడా నేనే తయారుచేసి చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు చెప్పాను. మధ్యలో ఒకచోట ఆమె నవ్వింది కూడా.