తూము దగ్గర పెరిగిన చక్కెర

పోయినవారం పరీక్షలో మా మావయ్యగారికి రక్తపోటు, చక్కెర రెండూ ఎక్కువొచ్చాయి. ఆయన కాఫీలో నేనే చాటుగా పంచదార వేస్తున్నానని అత్తయ్యగారు వారమంతా సాధించారు. ఈ రోజు మళ్ళీ రాయచూరు ఆసుపత్రికి తీసుకెళ్తే రెండూ బాగా తగ్గాయి. మందు అదే.

అక్కడి డాక్టరుగారు అనుమానంగా చూశారు. "ఏంది పెద్దాయనా, ఆ దినం ఇక్కడికొచ్చే ముందల ఎవరితోనన్న లొల్లి అయిందా?"

మావయ్యగారు తల దించుకున్నారు. "కాలవ నీళ్ళు మా వంతైన రోజున పైపొలం అతను తూము మూసేశాడండి. గట్టిగా పోట్లాడి, అట్నుంచటే బస్సెక్కాను."

"గదే మరి. కోపమొస్తే ఒంట్ల అడ్రినలిన్ అనే హార్మోను ఎక్కువైతది. రక్తపోటు పెంచుతది, కాలేయంల దాచిన చక్కెరను రక్తంలకి వదుల్తది. తూము ఎత్తినట్టే. మందు ఆపకు, కొట్లాట ఆపు."

నా మీద నింద పోయింది. బస్సులో హాయిగా కునుకు తీశాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తయ్యగారు కొంగు బిగించారు. "అయితే ఇకనుంచి మన వంతు రోజున తూము దగ్గరికి నేనే వెళ్తా."

ఇప్పుడు నా దిగులంతా ఆ పైపొలం అతని రక్తపోటు గురించే. మీరేమంటారు?