ఉప్పు నా వంతు

హిందూపురం బడిలో మేము ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఒకడు మాకు పాఠం చెప్పే అయ్యవారి కొడుకు. ఇంకొకడు సాయిబుల ఇంటి పిల్లవాడు, వాళ్ల నాయనకు బజారులో సైకిలు షాపు ఉండేది. మూడోవాణ్ణి నేను. చదువులో మాత్రం మూడోవాణ్ణి కాదు, ఆఖరివాణ్ణి.

ఏటా శ్రావణమాసం ఆఖరి శనివారం ముగ్గురం పెనుకొండకు పోయి కొండెక్కేవాళ్లం. పైన నరసింహస్వామి గుడి. స్వామి దర్శనం అయ్యేదాకా ఒక్కపొద్దు, పచ్చి మంచినీళ్లే. సైకిలు షాపువాడికి ఈ ఒక్కపొద్దుతో ఏం పని? అయినా మాతోపాటు ఉండేవాడు. మేము గుడిలోకి పోతే బయట సంచులకు కాపలా కూర్చునేవాడు. మేము వచ్చేసరికి ప్రసాదానికి చెయ్యి చాపి ఉండేవాడు.

తర్వాత బండల మధ్య వాననీళ్లు నిలిచే దోణెలోంచి నీళ్లు ముంచుకొచ్చి, మూడు రాళ్లు పెట్టి వండుకునేవాళ్లం. అయ్యవారి కొడుకుది బియ్యం, పప్పు. సైకిలు షాపువాడిది కూరగాయలు, అగ్గిపెట్టె. ఉప్పు నా వంతు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంకేదీ ఇచ్చే పరిస్థితి లేదు. అది వాళ్లకు తెలుసు, తెలిసే ఉప్పు నాకు పెట్టారు. నేను మాత్రం పెద్ద ఉద్యోగం దొరికినట్టు మురిసిపోయేవాణ్ణి. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. ఆ సామెత చెప్పి వాళ్లిద్దరినీ విసిగించేవాణ్ణి.

ఉప్పు చేతిలోంచి చేతికి ఇస్తే జగడమొస్తుందని మా అవ్వ చెప్పేది. అందుకని పైకి పోగానే ఒక బండ మీద ఉప్పుగుడ్డ ముడి విప్పి పెట్టేవాణ్ణి. వాళ్లు అక్కణ్ణించి తీసుకునేవాళ్లు. ఒక్కసారి కూడా చేతికియ్యలేదు. అయినా రావలసినది వచ్చింది.

ఆఖరి పరీక్షలో వాళ్లు పాసయ్యారు, నేను తప్పాను. వాళ్లు అనంతపురం కాలేజీకి పోయారు. నన్ను ధర్మవరంలో మామ దగ్గరికి పంపారు. పట్టుచీరల మగ్గం. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెడితే చీకటిపడేదాకా మాట్లాడే దిక్కు లేదు. మామ మంచివాడే కానీ మాటలు పొదుపు. వాళ్లిద్దరూ ఇప్పుడేం మాట్లాడుకుంటుంటారో, అందులో నా ఊసు వస్తుందో రాదో అని నేస్తూనే ఆలోచించేవాణ్ణి. శ్రావణం కోసం చూసినట్టు నేను ఇంకే పండగ కోసమూ చూడలేదు. వాళ్లకు నేనింకా కావాలా అన్నది ఆ కొండమీద తెలుస్తుందనుకున్నాను.

ఆ శనివారం నా కూలితో కొన్న ఉప్పు కొత్త గుడ్డలో కట్టుకుని రైలెక్కాను. వాళ్లు ముందురోజే ఇళ్లకు వచ్చి, హిందూపురం నుంచి సోమందేపల్లి మీదుగా బస్సులో వచ్చి కొండ కింద నిలబడి ఉన్నారు. ఇద్దరికీ ఇస్త్రీ చొక్కాలు. అయ్యవారి కొడుకు చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు.

"ఏమప్పా, ఇంత చిక్కిపోయినావు?" అన్నాడు సైకిలు షాపువాడు.

నా కళ్లు క్యారియరు మీదే ఉన్నాయి. అయ్యవారి కొడుకు చూసి, "ఈపొద్దు వండే పని ల్యా. సాయంత్రం బండికి మేం అనంతపురం పోవల్ల. అమ్మ చేసి పంపించినాది" అన్నాడు. వెంటనే నవ్వుతూ, "నీ వంతు యాడ?" అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. అన్నీ వండి తెచ్చుకుని ఉప్పు యాడ అని అడిగితే ఇంకేమనుకోవాలి? చేతిలోని ముడిని సంచి అడుక్కి తోశాను. "ఏం తేలే. అన్నీ మీరే తెచ్చుకున్యారు గదా" అన్నాను.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెట్లెక్కుతున్నంతసేపు వాళ్లు కాలేజీ మాటలు చెప్పారు. నేను ఊ కొట్టాను. ముందు గోవింద కొట్టే గుంపు, వెనక చంకలో పిల్లలతో ఆడవాళ్లు, అంతమంది మధ్య నేనొక్కణ్ణే ఎక్కుతున్నట్టుంది.

దర్శనం అయ్యాక క్యారియరు విప్పారు. పులుసన్నం. మొదటి ముద్దకే తెలిసింది, ఉప్పు లేదు. చప్పిడి. వాళ్లకూ తెలిసింది. అయినా ముగ్గురం తలలొంచుకుని తింటున్నాం. నా సంచిలో ఉప్పు ఉంది, మోకాలికి తగులుతూనే ఉంది. తీసి బండ మీద పెట్టడానికి ఎంతసేపు? పెట్టలేదు. అయ్యవారి ఇంట్లోనూ ఉప్పు మరిచిపోతారన్నమాట, బాగా అయింది అనుకున్నాను. నా బుద్ధి అంతటిది.

"స్వామికి ఉప్పులేని ఒక్కపొద్దు అనుకుందాం లేప్పా" అన్నాడు సైకిలు షాపువాడు. వాడి నవ్వు ఎప్పటిలా లేదు.

ఆ ఉప్పును మళ్లీ ధర్మవరం మోసుకుపోయాను. అత్త దాన్ని నెలపాటు కూరల్లో వేసింది.

మరుసటి ఏడు ఆఖరి శనివారం కూడా ఉప్పు కట్టుకుని పోయాను. కొండ కింద రెండు బస్సులు చూశాను. వాళ్లు రాలేదు. ఒక్కణ్ణే ఎక్కాను. పైన మడకశిర దిక్కునుంచి వచ్చినవాళ్లెవరో జాలిపడి విస్తరి వేశారు. ఆ తర్వాత రెండేళ్లు అట్లే పోయి, మానేశాను. చదువుకున్నవాళ్లకు నేతవాడు అక్కరలేదు అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుని తిరిగాను.

కొన్నేళ్లకు చీరలు ఇవ్వడానికి హిందూపురం పోతే బజారులో అయ్యవారి భార్య కనబడింది. కొడుకుకు బళ్లారిలో ఉద్యోగమని చెప్పింది. సైకిలు షాపు మూసేసి వాళ్లు బెంగళూరు పోయారట. ఆమె కూరల సంచి కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"అడగల్లని ఎన్నాళ్లనుంచో ఉండాది నాయనా. ఆ పొద్దు కొండమీద ఉప్పు సరిపోయిందా?"

నాకు అర్థం కాలేదు.

"ఇద్దరూ పొయ్యికాడ నిలబడి నన్ను ఉప్పు వెయ్యనిస్తేనా! ఉప్పు వాడి వంతు, నువ్వే వేస్తే వాడు వచ్చి ఏం చేయల్ల అని ఒకటే పోరు. చప్పిడిదే కట్టి పంపిస్తి. పైన కలుపుకుంటే అన్నానికి పట్టిందో లేదో అని నాకు అప్పట్నుంచి అదే దిగులు."

బజారులో జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఆమె జవాబు కోసం చూస్తోంది.

"సరిపోయిందమ్మా" అన్నాను.