రాబిగ్‌లో నాలుగు మంచాల మక్కచేను

మొన్న మా మేనల్లుడు ఫోన్‌కు ఒక వీడియో పంపాడు. ట్రాక్టరుకు విత్తనాలు వేసే యంత్రం తగిలించి, వాళ్ళ రెండెకరాల్లో చూస్తుండగానే మక్కజొన్న విత్తేశారు, ఎంత సులువైందో చూడు మామా అని వాడి సంబరం. నా కళ్ళు మాత్రం ఆ యంత్రం మీద నిలవలేదు, గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ మా బావ మీదే ఉండిపోయాయి. ఆ చేతుల సంగతి నాకు తెలిసినట్టు వాడికి తెలియదు మరి.

రెండువేల సంవత్సరం దాటాక గల్ఫ్‌కు వెళ్ళిన నా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. నేనూ, మా అక్క భర్త అయిన ఈ బావా సౌదీలోని రాబిగ్‌లో సముద్రం ఒడ్డున కడుతున్న పెద్ద ప్లాంటులో పైపు ఫిట్టర్లం, ఒకే గదిలో పక్కపక్క మంచాల వాళ్ళం. బావ అసలు రైతు. బోరు ఎండి వరసగా పంటలు పోతే, నీళ్ళను అనాల్సిన ఊరు ఆయన చేతిని అంది. మా వైపు మొదటి గింజ మంచి చెయ్యి ఉన్నవాళ్ళతో పెట్టిస్తారు. చివరికి తన చేలో కూడా పక్కవాళ్ళను బతిమాలి పెట్టించుకునేదాకా వచ్చింది ఆయనకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా బావ నోరు వెన్న, ఊరు మాత్రం ఏం కరగలేదు. ఈసారి ఛుట్టీకి వెళ్ళి ఆ భూమి అమ్మేస్తానని, ఇక జన్మలో మట్టి ముట్టనని అంటుండేవాడు. మా అక్క ఫోన్లో ఏడుస్తుండేది.

ఆ ఏడు నేను ఇంటికి వెళ్ళి వస్తూ, అమ్మ దగ్గరి రెండు విత్తనపు కంకులు బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాను. అమ్మ ఏటా చేనంతా తిరిగి బలమైన కంకులు ఏరి, పొట్టు వెనక్కి మలిచి ముడేసి, పురుగు పట్టకుండా పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసేది. వాటిని చూసి మా హైదరాబాద్ డ్రైవర్ భాయ్ ఎంత మురిసిపోయాడో! మక్కలు మక్కా నుంచే వచ్చాయని ఆయన గట్టి నమ్మకం, అంటే మేం వాటిని పుట్టింటికి తెచ్చినట్టేనట. మేముండే క్యాబిన్ల వెనక ఏసీల నీళ్ళు కారి గోడవెంట నేల తడిగా ఉండేది. ఎండలు తగ్గాక, వద్దు వద్దంటున్నా వినకుండా అక్కడ బావ చేతనే మొదటి గింజ పెట్టించి, ఒక కంకి గింజలు తడి పొడుగునా ఒకే వరసలో విత్తాం.

మొక్కలు ఏపుగా లేచాయి. కంకులు ఒలిచి చూస్తే ఇక్కడో గింజ, అక్కడో గింజ, ముసలమ్మ నోట్లో పళ్ళలా.

“చూసినవా బామ్మర్దీ, నేను ముందే చెప్పలే? నా చెయ్యి గసోంటిదే,” అని బావ లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ శుక్రవారం క్యాంపు చూడడానికి మా ముదీర్ వచ్చాడు. మెక్సికో నుంచి వచ్చిన ఇంజినీరు, మా అందరికీ పైవాడు. మొక్కలు పీకించేస్తాడని భయపడ్డాం గానీ, ఆయన సొంతవాళ్ళు కనబడ్డట్టు వాటి మధ్య నిలబడిపోయాడు. తలమీది పూత నుంచి రాలే పుప్పొడి కంకి పీచు మీద పడాలని, ఒక్కో పోగుకు ఒక్కో గింజని, ఒంటి వరస వేస్తే సముద్రపు గాలి అంతా ఎత్తుకుపోతుందని, గుంపుగా చదరంగా వేయమని చెప్పాడు. నా వచ్చీరాని ఇంగ్లీషుతో బావకు తిరగచెప్పాను. ఆ పైన ఆయన చెప్పింది నేనిప్పటికీ మరిచిపోలేదు. వేల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో ఇది ఒక గడ్డి, కంకి చిటికెన వేలంత, గింజ రాయంత గట్టి, పండితే దానంతటదే రాలి మొలిచేది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఏటేటా మంచివి ఏరి దాచి విత్తగా విత్తగా ఇంత కంకి అయిందట. ముదీర్ వాళ్ళమ్మ కూడా మా అమ్మలాగే పొగలో కట్టేదట. ఇప్పుడిది తనంతట రాలదు, పొట్టు విప్పుకోదు, కంకి మొత్తం నేలమీద పడితే మొలకలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి.

బావ రెండుసార్లు చెప్పించుకున్నాడు. “అంటే, మనిషి చెయ్యి లేకుంటే ఇది బతుకదా?” అన్నాడు.

మిగిలిన కంకి ఒలిచి, ఎవరూ అడగకుండానే ఆయనే విత్తాడు, నాలుగు మంచాలు పట్టేంత చోటులో. పూత వచ్చాక పొద్దున్నే డ్యూటీ బస్సు రాకముందు మొక్కలను మెల్లగా ఊపేవాడు. ఈసారి కంకులు కిక్కిరిసి నిండాయి. ముదీర్‌ను కూడా పిలిచి, కాల్చి, నిమ్మకాయా ఉప్పూ కారం రుద్దుకు తిన్నాం. బావ ఒక కంకిని తినకుండా పొట్టు ముడేసి తన మంచం కడ్డీకి వేలాడదీశాడు. ఆ వారమే అక్కకు ఫోన్ చేసి, భూమి అమ్మొద్దన్నాడు. అక్క ఆ రోజు కూడా ఏడ్చింది.

ఇప్పుడు విత్తనం రంగు మందు పూసి సంచుల్లో వస్తుంది, దాచి విత్తితే సరిగా పండదు. పొయ్యీ లేదు, పొగా లేదు, కంకి కట్టే దూలమూ లేదు. మొదటి గింజ ఎవరు పెట్టారని అడిగేవాళ్ళూ లేరు. ఒకందుకు మంచిదే, ఇక ఏ ఊరూ ఏ చేతినీ ఆడిపోసుకోదు. అయినా ఎందుకో మనసు ఒప్పుకోలేదు, వీడియో మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి చివరిదాకా చూస్తే, ట్రాక్టరు తిరగలేక వదిలేసిన మూల ఒకటి కనబడింది. బావ గట్టు దిగి, ధోవతి ఎగ్గట్టుకుని అక్కడ వంగి ఒక్కొక్క గింజే పెడుతున్నాడు, ఆ కాస్తా వదిలెయ్ బాపూ అని మేనల్లుడు నవ్వుతున్నాడు. ఆ మూల ఎంతో లేదు. నాలుగు మంచాలు పట్టేంత.